కలుపు విత్తనాన్ని మేల్కొలిపే రసాయనాలు

జొన్నచేను మోకాలెత్తు పెరిగి కళకళలాడుతున్న రోజులలో, నేలలో తడి ఆరకుండానే, అక్కడక్కడ కొన్ని మొక్కలు నడివేసవిలో వాడినట్లు ఆకులు వాల్చుతాయి. నీరు పెట్టినా, ఎరువు వేసినా అవి తేరుకోవు. మరికొన్ని వారాలకు ఆ వాడిన మొక్కల మొదళ్ల చుట్టూ జానెడు ఎత్తున చిన్న పూలమొక్కలు నేలను చీల్చుకొని లేస్తాయి. మన దేశంలో వాటి పూలు తరచు తెల్లగాను, ఆఫ్రికాలో ఎర్రగానో గులాబి రంగులోనో ఉంటాయి. వృక్షశాస్త్రంలో ఈ మొక్క పేరు స్ట్రైగా. తెలుగు రైతు దానిని మల్లె అంటాడు. పొగాకు చేలలో ఇటువంటి పనే చేసే ఒరొబాంకి అనే మరొక మొక్కకు పొగాకు మల్లె అని, బోడు అని పేర్లున్నవి. పేరు సుకుమారమైనదే గాని, ఆ పువ్వు కంటబడే నాటికి చేనుకు జరగవలసిన నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది. ఇంగ్లీషువారు స్ట్రైగాను మంత్రగత్తె కలుపు అంటారు. ఆ పేరే దీనికి ఎక్కువ తగినది. చేతబడి చేసినవాడు కనిపించకముందే చేను వాడిపోతుంది.

మంత్రమంతా నేల అడుగున జరుగుతుంది. స్ట్రైగా మొలక జొన్న వేరును తాకగానే దాని కొన ఉబ్బి, వేరులోనికి చొచ్చుకొనిపోయి, నీటిని, లవణాలను, పైరు తయారుచేసుకొన్న ఆహారాన్ని పీల్చడం ప్రారంభిస్తుంది. స్ట్రైగాకు నేలపైకి వచ్చిన తరువాత ఆకుపచ్చని ఆకులైనా ఉంటాయి. ఒరొబాంకికి అవికూడ లేవు. దాని బ్రతుకంతా పరుల సొమ్ము మీదనే.

ఈ మొక్కల విత్తనాలను చూస్తే విత్తనాలని నమ్మడం కష్టం. స్ట్రైగా విత్తనం పొడవు మిల్లీమీటరులో మూడవ వంతుకు మించదు. చేతిలో పోసుకొంటే ముక్కుపొడుము వలె ఉంటుంది. ఒక్కొక్క మొక్క 50,000 మొదలు 5,00,000 వరకు విత్తనాలను రాల్చగలదు. అవి గాలితోను, వాననీటితోను, పశువుల గిట్టలకు అంటిన మట్టితోను పొలం నుంచి పొలానికి ప్రయాణం చేస్తాయి. ఇంత చిన్న విత్తనంలో దాచిపెట్టుకొన్న ఆహారం ఎంత ఉంటుంది? మొలకెత్తిన తరువాత నాలుగైదు రోజులకు సరిపోయేటంత మాత్రమే. ఆ కొద్ది రోజులలో కొన్ని మిల్లీమీటర్ల దూరంలో ఒక వేరు దొరకాలి. దొరకకపోతే చావు తప్పదు.

కనుక ఈ విత్తనం తొందరపడదు. తడి తగిలినా, వెచ్చదనం తగిలినా మిగిలిన విత్తనాల వలె మొలకెత్తదు. మట్టిలో పది సంవత్సరాలు, ఒక్కొక్కప్పుడు ఇరవై సంవత్సరాల వరకు నిద్రపోతుంది. దగ్గరలో తనకు కావలసిన వేరు ఉన్నదని తెలిసినప్పుడే కన్ను తెరుస్తుంది. ఇక్కడ రెండు ప్రశ్నలు పుడతాయి. వేరు వచ్చినదని విత్తనానికి ఎట్లా తెలుస్తుంది? అది తెలిసే తీరును మనిషి కనిపెట్టగలిగితే, వేరు లేనప్పుడే వచ్చినదని నమ్మించి, విత్తనాలన్నిటిని లేపి చంపవచ్చును గదా? రెండవ ప్రశ్న రైతుది. మొదటి దానికి సమాధానం దొరికినా, దీనికి పూర్తి సమాధానం ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

మొదటి ప్రశ్నకు ఆధారాన్ని 1823లోనే జెనీవా వృక్షశాస్త్రజ్ఞుడు వోషే అందించినాడు. ఒరొబాంకి విత్తనాలను విడిగా నాటితే మొలవలేదనీ, దానికి ఆశ్రయమిచ్చే మొక్క వేళ్ల దగ్గర మాత్రమే మొలిచినవనీ ఆయన గమనించినాడు. అటు తరువాత చాలాకాలం ఈ విషయం పుస్తకాలలోనే ఉండిపోయినది. 20వ శతాబ్దం ఆరంభంలో దక్షిణాఫ్రికా మొక్కజొన్న పొలాలను స్ట్రైగా పాడుచేయడం మొదలు పెట్టినప్పుడు పియర్సన్, ఆయన తరువాత సాండర్స్ అనే శాస్త్రజ్ఞులు దీనిని శ్రద్ధగా పరిశీలించినారు. సాండర్స్ 1933లో ప్రకటించిన గ్రంథం ఈ శాఖలో చిరకాలం ప్రమాణంగా నిలిచినది. వేళ్ల నుంచి ఏదో పదార్థం ఊరి మట్టిలో కలుస్తున్నదని, ఆ పదార్థమే విత్తనాన్ని లేపుతున్నదని అప్పటికి స్పష్టపడినది. ఆ పదార్థమేదో తెలుసుకోవడమే మిగిలినది.

ఆ పని 1940 తరువాత ఇంగ్లండులో ప్రారంభమైనది. రాబర్ట్ బ్రౌన్, ఎడ్వర్డ్స్ అనేవారు విత్తనం మేల్కొనే క్రమాన్ని మెట్టుమెట్టుగా పరిశీలించినారు. (నీటిలో రేణువుల చలనానికి తన పేరు ఇచ్చిన బ్రౌన్ ఇతడు కాడు, అతడు అంతకు నూరేళ్ల ముందటివాడు.) విత్తనం వారం పది రోజులపాటు తడిలోను, వెచ్చదనంలోను నానితే తప్ప వేరు పిలుపును వినలేదని తేలినది. ఈ చిన్న విషయాన్ని పాఠకుడు గుర్తు పెట్టుకోవాలి. తరువాత ప్రయోగశాల నుంచి పొలానికి పోయినవారందరికీ ఇదే అడ్డం వచ్చినది.

బ్రౌన్ వృక్షశాస్త్రజ్ఞుడు. రసాయనపు పని అలెగ్జాండర్ టాడ్, ఎ. డబ్ల్యు. జాన్సన్ మొదలైనవారు చేపట్టినారు. టాడ్ సామాన్యుడు కాడు. న్యూక్లియోటైడులను గురించి చేసిన కృషికి 1957లో నోబెల్ బహుమానం పొందినవాడు. అంతటివాడు పూనుకొన్నా ఈ పదార్థం చేతికి చిక్కలేదు. 1949లో వారు ఒక రకమైన చక్కెర ఈ పని చేస్తున్నదని అనుమానించినారు గాని, ఆ నిర్ణయం తరువాతి పరీక్షలకు నిలువలేదు. వేరు స్రవించే అసలు పదార్థం అత్యల్పం. దానిని తూచి చూచే సాధనాలు ఆ రోజులలో లేవు. జాన్సన్ మాత్రం ఈ ఓటమిని మరచిపోయినట్లు లేదు. ఆయన పేరు పాతిక సంవత్సరాల తరువాత ఈ కథలో మళ్లీ వస్తుంది.

ఇంతలో కథ అట్లాంటిక్ మహాసముద్రం దాటినది. 1956 వేసవిలో అమెరికాలోని ఉత్తర కరొలీనా రాష్ట్రంలో మొక్కజొన్న చేలు కారణం తెలియకుండా వాడిపోతుండగా, అక్కడ చదువుకొంటున్న ఒక భారతీయ విద్యార్థి ఆ చేలలోని పూలమొక్కను చూచి, ఇది తమ దేశంలో ఎరిగినదేనని గుర్తు పట్టినాడని చెబుతారు. పశ్చిమార్ధగోళంలో స్ట్రైగా కనబడడం అదే మొదటిసారి. అమెరికా వ్యవసాయ ప్రభుత్వశాఖ దీనిని అగ్నిప్రమాదంగా భావించినది. మొక్కజొన్న ఆ దేశపు ఐశ్వర్యం. స్ట్రైగా కరొలీనాలు దాటి మధ్య రాష్ట్రాలకు పాకితే ఆ ఐశ్వర్యానికే ముప్పు. 1957లో దిగ్బంధన శాసనం వచ్చినది. యంత్రాలు, ఎండుగడ్డి, మట్టి అంటిన దుంపలు ఆ ప్రాంతం దాటకుండా కట్టడి చేసినారు. వైట్‌విల్ అనే పట్టణం దగ్గర ప్రత్యేకంగా ఒక పరిశోధనాలయం వెలసినది. లెక్క వేయగా రెండు కరొలీనా రాష్ట్రాలలో కలిపి ఈ కలుపు పాకిన నేల సుమారు 4,30,000 ఎకరాలని తేలినది.

ప్రభుత్వం ధనం కుమ్మరించినందువల్ల పరిశోధన వేగం అందుకొన్నది. 1959లో వర్‌షామ్, మోర్‌లాండ్, క్లింగ్‌మన్ అనే ముగ్గురు ఉత్తర కరొలీనాలో ఒక వింతను కనుగొన్నారు. మొక్కల జీవకణాలను విభజింపజేసే కైనెటిన్ అనే పదార్థాన్ని నాలుగేళ్ల క్రితమే విస్కాన్సిన్‌లో కనుగొని ఉన్నారు. దానిని, దాని బంధువులైన ప్యూరీన్ పదార్థాలను తగిలిస్తే చుట్టుపట్ల ఏ వేరూ లేకుండానే స్ట్రైగా విత్తనాలు మొలిచినవి. రసాయనశాలలో తయారయ్యే పదార్థంతో ఈ విత్తనాన్ని మోసగించవచ్చునని అప్పుడు రుజువైనది. కాని కైనెటిన్ ఖరీదైనది. కావలసిన మోతాదు కూడ ఎక్కువ. ఎకరాల కొలదిగా చల్లే వస్తువు కాదు.

ఎకరాల కొలదిగా వాడదగిన వస్తువు అనుకోని చోట దొరికినది. అది ఇథిలీన్ వాయువు. మన ఇండ్లలో అరటి గెలలను పొగలో మగ్గబెట్టినప్పుడు కాయను పండుగా మార్చే పదార్థాలలో ముఖ్యమైనది ఇదే. ఎగ్లీ, డేల్ అనేవారు 1970లో ఇది స్ట్రైగా విత్తనాలను కూడ లేపుతున్నదని ప్రకటించినారు. విత్తనంలో పుట్టే ఇథిలీనే మొలక పనిని నడిపిస్తుందనీ, వేరు నుంచి వచ్చే పిలుపు విత్తనం చేత దానిని తయారుచేయిస్తుందనీ తరువాతి పరిశోధనలలో తెలిసినది. అంటే ఇథిలీన్ వాడినవారు తలుపు తట్టకుండా, తిన్నగా లోపలికి పోయి నిద్రించేవానిని లేపినట్లయినది. ఇంతకూ ఈ చిట్కా స్ట్రైగాకే చెల్లుతుంది. పొగాకు మల్లె దీనికి కదలదు.

ఎప్లీ అనే శాస్త్రజ్ఞుడు ఈ వాయువును పొలానికి తీసుకొనిపోయినాడు. సిలిండరులో నింపిన ఇథిలీన్‌ను ట్రాక్టరుకు కట్టిన కొయ్యల వంటి గొట్టాల ద్వారా మట్టి అడుగుకు ఎక్కించినారు. హెక్టారుకు కిలోన్నర వాయువు చాలినది. 1975లో ఆయన ప్రకటించిన ఫలితాలను బట్టి, ఆ విధంగా చేసిన నేలలో బ్రతికి ఉన్న స్ట్రైగా విత్తనాలలో నూటికి తొంభై వరకు మొలకెత్తి, పట్టుకొనే వేరు లేక చచ్చినవి. ఈ ఉపాయానికి ఆత్మహత్యాంకురణం అనే పేరు స్థిరపడినది. ఇథిలీన్‌తోపాటు, తప్పించుకొని పైకి వచ్చిన మొక్కలు పువ్వు పూయకముందే మందు కొట్టి చంపుతూ, ఏటేటా పొలాలను కాలినడకన వెతుకుతూ వచ్చినందువల్ల 4,30,000 ఎకరాల విస్తీర్ణం క్రమంగా కరిగి, 21వ శతాబ్దం ఆరంభానికి కొన్ని వేల ఎకరాలకు వచ్చినది. పరాన్నకలుపుల చరిత్రలో ఇంతటి విజయం మరొకటి లేదు.

అయితే ఈ విజయానికి పెట్టిన ఖర్చును కూడ చెప్పుకోవాలి. యంత్రం, సిలిండరు, దానిని నడిపే మనిషి అన్నీ ప్రభుత్వానివే. రైతు చేయవలసినదల్లా గేటు తీయడమే. అర్ధశతాబ్దంపాటు ఒక సంపన్న దేశం పట్టు వదలక భరించిన వ్యయం ఇది. సూడానులోనో, పశ్చిమాఫ్రికాలోనో రెండు మూడెకరాల జొన్న, సజ్జ పండించుకొనే కుటుంబానికి వాయువు సిలిండరును మోసుకొనిపోయేది ఎవరు? స్ట్రైగా వల్ల ఎక్కువగా బాధపడేది ఆ కుటుంబాలే. అందువల్ల నీటిలో కలిపి చల్లదగిన, చౌకగా తయారయ్యే మరొక పదార్థం కావలసి వచ్చినది. దానికోసం మళ్లీ పాత ప్రశ్న దగ్గరికి పోక తప్పలేదు: వేరు అసలు ఏమి స్రవిస్తున్నది?

టాడ్ వంటివానికి చిక్కని ఆ పదార్థం 1966లో ఉత్తర కరొలీనాలోనే చిక్కినది. కుక్, విచార్డ్, టర్నర్, వాల్, ఎగ్లీ అనేవారు దానిని స్ఫటికాల రూపంలో వేరు చేసి, స్ట్రైగాల్ అని పేరు పెట్టినారు. వీరిలో మన్రో వాల్ పేరు వైద్యశాస్త్రం చదివినవారికి కూడ తెలుసు. క్యాన్సరు చికిత్సకు దారి చూపిన కాంప్టోథెసిన్‌ను ఆయన బృందం ఆ సంవత్సరమే బయటపెట్టినది. టాక్సాల్ నిర్మాణాన్ని తేల్చినదీ ఆయన, మనదేశం నుంచి వెళ్లిన మన్‌సుఖ్ వాణీ కలిసియే. స్ట్రైగాల్ శక్తిని వర్ణించడానికి ఒక లెక్క చెప్పుకోవచ్చును. పాతిక ఎకరాల చెరువులో మీటరు లోతున నీరున్నదనుకొందాం. అందులో ఒక్క గ్రాము స్ట్రైగాల్‌ను కలిపితే, ఆ నీరు తగిలిన స్ట్రైగా విత్తనాలలో చెప్పుకోదగినన్ని మొలకెత్తుతాయి. టాడ్ బృందం ఎందుకు ఓడిపోయినదో ఈ లెక్కే చెబుతుంది.

ఇందులో ఒక విశేషం ఉన్నది. వారు స్ట్రైగాల్‌ను తీసినది జొన్న వేరు నుంచి కాదు, మొక్కజొన్న వేరు నుంచి కాదు. పత్తి వేరు నుంచి. పత్తి మీద స్ట్రైగా బ్రతకలేదు. పత్తి పిలుస్తుంది, విత్తనం లేస్తుంది, వచ్చి చూస్తే ఇల్లు తనది కాదు. ఇటువంటి పైరును ఎర పైరు అంటారు. పొగాకు మల్లె విషయంలో కూడ ఇటువంటి ఎర పైర్లు ఉన్నవి. 1947లో రాజమండ్రిలో నెలకొన్న పొగాకు పరిశోధనాలయంలో ఏయే పైర్ల వేళ్లు ఒరొబాంకి విత్తనాలను లేపుతాయో పరీక్షించి చూచినారు. పొగాకుకు ముందు జొన్న, నువ్వు, పెసర వంటివి వేయమని రైతుకు ఇచ్చే సలహా అటువంటి పరీక్షల నుంచి వచ్చినదే. అయినా ఎర పైరు ఒక్కటే చాలదు. వేరు తగిలిన మేరకే విత్తనాలు లేస్తాయి; మిగిలినవి నిద్రలోనే ఉంటాయి. పొగాకు చేలలో కూలీలు చాళ్ల వెంట వంగి బోడును చేతితో పీకే పని అందుచేతనే పోలేదు.

స్ట్రైగాల్ అణువు నిర్మాణం 1972లో ఎక్స్ కిరణాల సహాయంతో తేలినది. నాలుగు వలయాలు. మొదటి మూడూ ఒకదానినొకటి అంటుకొని ఉంటాయి. నాలుగవది కొంచెం ఎడంగా, ఒక ఆక్సిజన్ పరమాణువుగల సన్నని వంతెనతో తగులుకొని ఉంటుంది. రసాయనజ్ఞులు వీటిని వరుసగా ఏ, బి, సి, డి వలయాలంటారు. 1974లో విస్కాన్సిన్‌లో చార్లెస్ సీ బృందం, ఇంగ్లండులో రాల్ఫ్ రాఫేల్ బృందం విడివిడిగా దీనిని ప్రయోగశాలలో నిర్మించినారు. అది పాండిత్యానికి పరీక్ష. మెట్టుమెట్టుకు సగం సరుకు పోతూ చివరకు మిగిలేది చిటికెడు. ఆ దారిన తయారైన పదార్థాన్ని ఏ రైతూ కొనలేడు.

ఇక్కడ జాన్సన్ మళ్లీ ప్రవేశించినాడు. అప్పటికి ఆయన ససెక్స్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. స్ట్రైగాల్‌ను సంపూర్ణంగా కట్టవలసిన అవసరమేమున్నది అని ఆయన ఆలోచించినాడు. తాళంచెవికి పిడి ఎట్లా ఉన్నా పళ్లు సరిగా ఉంటే తాళం తెరుచుకొంటుంది. స్ట్రైగాల్‌లో ఏ భాగం పిడి, ఏ భాగం పళ్లు? ఆయన, ఆయన శిష్యులు ఒక్కొక్క వలయాన్ని మార్చి, తగ్గించి, సులభమైన దినుసులతో అనేక సాదృశ్య పదార్థాలను కట్టినారు. వాటికి జి.ఆర్. అనే అక్షరాలు, ఒక అంకె పేర్లయినవి. ఆ అక్షరాలు వానిని తయారుచేసిన జెరాల్డ్ రోజ్‌బరీ పేరులోనివి. 1976లో జాన్సన్, రోజ్‌బరీ, ఆక్స్‌ఫర్డ్ దగ్గరి కలుపు పరిశోధన సంస్థలోని పార్కర్ కలిసి ఫలితాలను ప్రకటించినారు. జి.ఆర్.7, జి.ఆర్.24 అనేవి స్ట్రైగా విత్తనాలనే కాక ఒరొబాంకి విత్తనాలను కూడ లేపినవి. ఇథిలీన్ చేయలేని పని ఇది. నిర్మాణం మాత్రం చాలా సులభం. జి.ఆర్.7కు మొదటి వలయమే లేదు. డి వలయాన్ని, దాని వంతెనను మాత్రం వదలడానికి వీలు కలుగలేదు. తాళంచెవి పళ్లు అక్కడ ఉన్నవి.

అప్పటి ఆశలు గొప్పవి. సంచిలో పొడి, నీటి పీపా, పిచికారీ యంత్రం ఉంటే చాలు, ఆఫ్రికా రైతు కూడ తన నేలను ఊడ్చి శుభ్రం చేసుకోగలడు అనుకొన్నారు. కాని మట్టిలో ఈ పదార్థాలు నిలువలేదు. సున్నపు గుణంగల క్షారభూములలో అవి కొన్ని రోజులకే విరిగిపోయినవి. విత్తనం తడిలో నానడానికి వారం పది రోజులు కావాలని బ్రౌన్ చూపించిన విషయం ఇక్కడ గుర్తుకు వస్తుంది. విత్తనం వినడానికి సిద్ధపడే వేళకు పిలుపు సగం ఆరిపోయి ఉంటుంది. ఒక చోట బాగా పని చేసినది మరొక చోట పని చేయలేదు. జి.ఆర్.24 చివరకు పొలంలో కాక, ప్రపంచమంతటా ప్రయోగశాలల బల్లలపైన స్థిరపడినది.

ఎందుకిట్లా విరుగుతున్నది? దీనికి సమాధానం హాలండులోని నైమెగన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చినది. బినే జ్వానెన్‌బర్గ్ అక్కడ ఈ అణువులను ఒక్కొక్క భాగంగా విప్పి పరిశీలించి, 1992లో మాంగ్నస్‌తో కలిసి ఒక ఊహను ప్రకటించినాడు. విత్తనంలోని గ్రాహకం ఈ అణువును పట్టుకొన్నప్పుడు దాని వంతెన తెగుతుంది. డి వలయం విడిపోతుంది. ఆ తెగడమే మేలుకొలుపు. పాతిక సంవత్సరాలు గడవకముందే గ్రాహకాలను విడదీసి చూచినవారు ఈ ఊహ సారాంశంలో సరియైనదని నిరూపించినారు. అయితే తెగవలసిన వంతెన గట్టిగా ఉండడానికి వీలు లేదు. విత్తనం చేతిలో తేలికగా తెగే ఆ ముడియే క్షారపు నీటి చేతిలో కూడ తెగుతుంది. గట్టిగా కడితే విత్తనం లేవదు; వదులుగా కడితే మట్టిలో మిగలదు. ఈ ఇరుకులో నుంచి దారి చేసుకోవడమే అప్పటి నుంచి రసాయనజ్ఞుల పని అయినది. జ్వానెన్‌బర్గ్ బృందం సులభంగా దొరికే దినుసులతో నైమెగన్-1 అనే పదార్థాన్ని తయారుచేసినది.

ఈ శాస్త్రానికి వెలుపలనున్నవారు కూడ అడిగే ప్రశ్న ఒకటి చాలాకాలం జవాబు లేకుండా ఉండినది. శత్రువును పిలిచే పదార్థాన్ని మొక్క ఎందుకు స్రవించాలి? జొన్నకు ఇందులో లాభమేమి? స్ట్రైగా బాధలేని పత్తికి లాభమేమి? 2005లో జపాన్ శాస్త్రజ్ఞులు అకియామా, హయాషి బృందంవారు దీనికి చక్కని సమాధానం చెప్పినారు. వేళ్లతో పొత్తు కట్టి, మట్టిలోని భాస్వరాన్ని మొక్కకు అందించే బూజులున్నవి. మొక్క ఈ పదార్థాలను స్రవించేది ఆ బూజులను పిలవడానికి. భాస్వరం తక్కువైన నేలలో పిలుపు ఎక్కువ అవుతుంది. మిత్రునికి వేసిన కేక చాటున పొంచి ఉన్న దొంగ చెవిన పడినది. సారం ఉడిగిన బీదనేలలలో స్ట్రైగా బెడద హెచ్చుగా ఉండడానికి ఒక కారణం ఇందులో దొరికినది. మూడు సంవత్సరాల తరువాత, 2008లో, ఫ్రాన్సు, జపాన్ మొదలైన దేశాల బృందాలు మరొక సంగతి చెప్పినవి. ఈ స్ట్రైగోలాక్టోన్లు మొక్కకు స్వంత హార్మోనులు కూడ. కాండానికి ఎన్ని పక్కకొమ్మలు రావాలో నిర్ణయించేవి ఇవే. ఆ ప్రయోగాలలో వాడినది జాన్సన్ కట్టిన జి.ఆర్.24. కలుపును చంపడానికి పుట్టిన పదార్థం అందుకు చాలలేదు గాని, మొక్కల శరీరశాస్త్రంలో ఒక కొత్త అధ్యాయాన్ని తెరిచినది. జాన్సన్ 1982లోనే కాలం చేసినాడు. ఇదేదీ ఆయన చూడలేదు.

మొక్కకు ఇంత అవసరమైన పిలుపును పూర్తిగా ఆపడం కుదరదు గాని, దాని స్వరాన్ని కొంచెం మార్చవచ్చును. మన పటాన్‌చెరువులో 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ సంస్థవారు, స్రావం తక్కువగా ఉండి స్ట్రైగాను లేపని జొన్న రకాల కోసం దేశదేశాల విత్తనాలను గాలించినారు. 1983లో ఆ సంస్థ వెలువరించిన స్ట్రైగా గుర్తింపు, నివారణల చేతిపుస్తకం రచయితలలో రామయ్య, వాసుదేవరావు గారలతోపాటు, జాన్సన్‌తో పనిచేసిన పార్కర్ కూడ ఒకరు. అటువంటి నిరోధక రకాలను ఆఫ్రికా పొలాలకు చేర్చిన కృషికి ఇథియోపియాలో పుట్టిన గెబీసా ఎజెటాకు 2009లో ప్రపంచ ఆహార బహుమానం లభించినది. కొన్ని జొన్న రకాలలో ఒక జన్యువు చెడినందువల్ల స్ట్రైగాను గట్టిగా పిలిచే పదార్థం బదులు మెల్లగా పిలిచే పదార్థం ఊరుతున్నదని 2017లో తెలిసినది.

రసాయనపు దారి కూడ మూసుకుపోలేదు. 2015లో స్ట్రైగా విత్తనంలోని గ్రాహకాలు ఏవో తేలిన తరువాత, తాళాన్ని ఎదుట పెట్టుకొని తాళంచెవిని అరగదీయడం సాధ్యపడినది. అంతకు ముందు పనిచేసినవారు చీకటిలో తడుముకొన్నారు. 2018లో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయంవారు ఎస్.పి.ఎల్.7 అనే పదార్థాన్ని ప్రకటించినారు. ఇది స్ట్రైగాల్ వలె కొన్ని వంతులలో కాక, లీటరు నీటికి ఒక మోలులో పది కోట్ల కోట్లవ వంతు లెక్కన కొలవవలసినంత స్వల్పమోతాదులో విత్తనాన్ని లేపుతుంది. పైగా మొక్క స్వంత హార్మోను పనిలో అంతగా తలదూర్చదు. కుండీలలో చేసిన పరీక్షలలో ఇది మొక్కజొన్నను స్ట్రైగా నుంచి కాపాడినది. ఇంచుమించు అదే కాలంలో సౌదీ అరేబియాలో సలీం అల్-బాబిలి బృందం, మరింత సులభంగా తయారయ్యే పదార్థాలను నైమెగన్-1తోపాటు బుర్కినా ఫాసో దేశంలోని రైతుల పొలాలలోనే చల్లి చూచినది. స్ట్రైగా బెడద స్పష్టంగా తగ్గినది, పూర్తిగా పోలేదు.

పదార్థం చౌక అయినా, మట్టిలో నిలిచినా, మిగిలిన చిక్కు వానది. విత్తనం పిలుపును వినాలంటే నేల వారం పది రోజులు తడిగా ఉండాలి. సహారాకు దక్షిణాన మెట్టపొలాలకు ఆ తడి తొలకరితోనే వస్తుంది. సజ్జ విత్తవలసినది కూడ ఆ తొలకరికే. మందు చల్లి, కలుపు మొలకలు చచ్చేవరకు ఆగి, తరువాత విత్తాలంటే రెండు వారాల పదును చేజారుతుంది. అక్కడ వానకాలమంతా కలిపి మూడు నాలుగు నెలలు. ఆ రెండు వారాలలో మరొక వాన రాకపోతే, మందు చల్లిన రైతు చేను కన్న చల్లని పొరుగువాని చేనే ముందు కోతకు వస్తుంది.